ట్రైలర్ కప్లింగ్ కొట్టుకుంటుంటే: డాంపర్ మార్పిడిపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: అయ్యా, మేము ఇంగ్లండులోని లెస్టర్‌లో ఉంటున్నాము. నేనూ నా భార్యా వారాంతాల్లో గృహప్రవేశాలకు, పండుగ సభలకు వంటలు చేసి పెడతాము. గుండిగలు, గ్యాసు పొయ్యిలు, బల్లలు మోసుకెళ్ళడానికి రెండేళ్ళ క్రితం ఎవరో వాడిన ట్రైలర్ ఒకటి కొన్నాము. సరుకుతో కలిపి దాని బరువు పరిమితి 1,300 కిలోలు, రెండు చక్రాలకూ బ్రేకులు ఉన్నాయి. ఈ మధ్య కారు ఆపినప్పుడల్లా వెనుక నుంచి ధన్‌మని ఒక దెబ్బ, మళ్ళీ కదిలించేటప్పుడు ఇంకొక దెబ్బ వినిపిస్తున్నాయి. ఒక వర్క్‌షాపువారు ట్రైలర్‌ను కారుకు తగిలించే కప్లింగ్ మొత్తం మార్చాలన్నారు, మరొకరు లోపలి డాంపర్ ఒక్కటి మారిస్తే చాలన్నారు. కింద ఉన్న బ్రేకు రాడ్ నట్టు నాలుగు చుట్లు బిగిస్తే చప్పుడు పోతుందని ఒక స్నేహితుడు అన్నాడు. తెనాలిలో ఉన్న మా నాన్నగారితో ఫోనులో చెబితే, ‘ట్రక్కన్నాక చప్పుడు చేయదా’ అన్నారు. ఎవరి మాట వినమంటారు? ఈ పని నేను చేసుకోగలనా?
— ఒక పాఠకుడు, లెస్టర్

జవాబు: ముందుగా మీ నాన్నగారి మాట గురించి చెబుతాను, ఎందుకంటే ఆయన చూసిన ట్రక్కు విషయంలో అది నిజమే. మన ఊళ్ళలో ట్రాక్టరు వెనుక కట్టే ట్రక్కుల్లో చాలావాటికి సొంత బ్రేకులే ఉండవు. ట్రాక్టరు కొక్కెంలో ఒక పిన్ను దిగుతుంది, ఆ రంధ్రం అరిగేకొద్దీ అది కొట్టుకుంటూనే ఉంటుంది. అక్కడ చప్పుడుకూ బ్రేకుకూ సంబంధం లేదు. మీ ట్రైలర్‌లో మాత్రం ఆ రెండూ ఒక్కటే. బ్రిటన్‌లో మొత్తం బరువు 750 కిలోలు దాటిన ట్రైలర్‌కు సొంత బ్రేకులు తప్పనిసరి, ఆ బ్రేకులను పనిచేయించేది మీకు చప్పుడు వినిపిస్తున్న ఆ కప్లింగే.

అది ఎలా పనిచేస్తుందో తెలిస్తే మీ ముగ్గురు సలహాదారుల్లో ఎవరు ఎంతవరకు సరైనవారో మీరే తేల్చుకోగలరు. కారు వేగం తగ్గించినప్పుడు వెనుక ఉన్న ట్రైలర్ తన బరువుతో ముందుకు తోసుకొస్తుంది. కారు వెనుక ఉండే ఇనుప బంతిని, అంటే టో బాల్‌ను, పట్టుకున్న కప్లింగ్ తల వెనుక ఒక ఉక్కు గొట్టం ఉంటుంది, ఆ తోపుకు అది కప్లింగ్ బాడీలోకి జరుగుతుంది. జరిగిన గొట్టం వెనుక చివర ఒక లివర్‌ను నెడుతుంది, లివర్ పొడవాటి రాడ్‌ను లాగుతుంది, రాడ్ ఇరుసు దగ్గర ఉన్న అడ్డపట్టీని లాగుతుంది, ఆ పట్టీకి తగిలించిన రెండు కేబుళ్ళు రెండు చక్రాల డ్రమ్ముల్లో షూలను విప్పారుస్తాయి. కారు నుంచి కరెంటు గానీ, నూనె గొట్టం గానీ అక్కర లేకుండా, ట్రైలర్ తన తోపుతో తానే బ్రేకు వేసుకుంటుంది. ఐరోపాలో 3,500 కిలోల వరకు ఉండే ట్రైలర్లలో అత్యధికం ఈ పద్ధతివే.

ఆ జరిగే గొట్టం లోపల ఉండేదే డాంపర్. చూడడానికి మోటారుసైకిల్ షాక్ అబ్జార్బర్‌కు దగ్గరి చుట్టంలా ఉంటుంది. లోపల నూనె, ఒత్తిడితో నింపిన గ్యాసు ఉంటాయి. గొట్టం లోపలికి జరిగేటప్పుడు నూనె సన్నని దారుల గుండా దూరవలసి రావడం వల్ల ఆ కదలిక నెమ్మదిస్తుంది. తోపు ఆగగానే గ్యాసు ఒత్తిడి గొట్టాన్ని తిరిగి ముందుకు నెడుతుంది. అంటే దానికి రెండు పనులున్నాయి. కాలు యాక్సిలరేటర్ మీద నుంచి కొద్దిగా తీసినంతమాత్రాన ట్రైలర్ బ్రేకు పడకుండా చూడడం ఒకటి, పడవలసినప్పుడు మెత్తగా పడేలా చూడడం మరొకటి. సీలు అరిగి నూనె కారిపోయినా, గ్యాసు తగ్గిపోయినా ఈ రెండు పనులూ ఆగిపోతాయి. గొట్టం చిన్న తోపుకే చివరిదాకా దూసుకుపోయి గుద్దుకుంటుంది, కారు కదలగానే బయటకు లాగబడి మళ్ళీ గుద్దుకుంటుంది. మీరు విన్న రెండు దెబ్బలూ ఇవే. చెవికి కలిగే ఇబ్బంది ఇందులో చిన్న విషయం. బ్రేకులు మెత్తగా పట్టుకోవడం మానేసి గుంజుకుని పట్టుకుంటాయి, తడి రోడ్డు మీద, వాలులో దిగేటప్పుడు ఆ కుదుపు కారు వెనుక చక్రాల దాకా వస్తుంది.

ఇది డాంపరేనని నిర్ధారించుకోవడానికి ఖర్చు లేని పరీక్ష ఉంది. ట్రైలర్‌ను కారు నుంచి విప్పి చదునైన చోట నిలిపి, హ్యాండ్‌బ్రేక్ పూర్తిగా లాగండి. ట్రైలర్‌ను వెనక్కు నెట్టండి. అది కొద్దిగా జరిగి, హ్యాండ్‌బ్రేక్ లివర్ ఇంకొంత పైకి లేచి, గట్టిగా పట్టుకుంటుంది. ఇప్పుడు కప్లింగ్ తలను రెండు చేతులతో పట్టుకుని లోపలికి నెట్టండి. ఆరోగ్యంగా ఉన్న డాంపర్ మీ ఒంటి బరువంతా వేస్తేగాని కదలదు, కదిలినా నెమ్మదిగా కదులుతుంది, వదిలితే ఎవరూ లాగకుండానే పూర్తిగా ముందుకు వస్తుంది. సైకిల్ పంపులా సులువుగా లోపలికి పోతే, పోయి అక్కడే ఉండిపోతే, డాంపర్ పని అయిపోయినట్టే. నెట్టేటప్పుడు గట్టిగానే ఉండి, తిరిగి రావడానికి అరనిమిషం దాటుతుంటే మాత్రం తొందరపడి డాంపర్ కొనకండి. గొట్టం జరిగే బుష్‌లలో, అంటే దాన్ని పట్టి ఉంచే లోపలి తొడుగుల్లో, గ్రీజు ఎండిపోయి ఉండవచ్చు. కప్లింగ్ బాడీ మీద గ్రీజు ఎక్కించడానికి ఉండే చిన్న మూతుల్లో (నిపుళ్ళలో) కొత్త గ్రీజు ఎక్కించి మళ్ళీ పరీక్షించండి.

ఇంకొక పరీక్ష కూడా చేయండి, వర్క్‌షాపువారి మాటకు జవాబు అందులో ఉంది. ముందుభాగాన్ని మోసే చిన్న జాకీ చక్రం మీద ట్రైలర్ నిలబడి ఉండగా కప్లింగ్ తలను పైకీ కిందికీ ఊపి చూడండి. గొట్టం బుష్‌లలో లూజుగా ఆడుతుంటే కొత్త డాంపర్ వేసినా చప్పుడు పూర్తిగా పోదు, కొత్త డాంపర్ మీద అడ్డంగా బరువు పడి అదీ త్వరగా పోతుంది. బుష్‌లు మార్చడం, మార్చాక వాటి లోపలి కొలత సరిచేయడం వర్క్‌షాపు పని. బుష్‌లు అరిగి, గొట్టం గీతలు పడి ఉంటే కప్లింగ్ మొత్తం మార్చాలన్నవారిది న్యాయమైన సలహాయే. ఊపినా కదలిక తెలియకపోతే, గొట్టం నున్నగా ఉంటే, డాంపర్ ఒక్కటే చాలు.

మీ స్నేహితుడి సలహా మాత్రం దయచేసి పాటించకండి. రాడ్ బిగిస్తే చప్పుడు తగ్గడం నిజమే, ఎందుకంటే గొట్టం కొంచెం జరగగానే బ్రేకు పడి ఆపేస్తుంది కాబట్టి చివరిదాకా వెళ్ళి గుద్దుకోదు. కాని అప్పటినుంచి డాంపర్ చేయవలసిన పనిని బ్రేకు షూలు చేస్తుంటాయి. షూలు డ్రమ్మును ఎప్పుడూ కొద్దికొద్దిగా రాసుకుంటూనే ఉంటాయి, చక్రం నడిమి భాగమైన హబ్బు వేడెక్కుతుంది, గ్రీజు కరిగి బేరింగులు పాడవుతాయి. ఇలా బిగించిన ట్రైలర్ ఒకటి కొన్నేళ్ళ క్రితం నా దగ్గరకు వచ్చింది. గంట ప్రయాణం చేసి వచ్చిన ఆ చక్రం దగ్గర చేయి పెట్టలేకపోయాను, లోపలి గ్రీజు రిమ్ము మీదికి కారి ఉంది. యజమాని చప్పుడు పోయిందని సంతోషంగా ఉన్నాడు, వెనుక సీట్లో ఇద్దరు పిల్లలున్నారు. ఆ దృశ్యం నాకు ఇప్పటికీ మనసులో మెదులుతూ ఉంటుంది, అందుకే ఈ ఒక్క విషయాన్ని ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇక మార్పిడి. స్పానర్లతో అలవాటు ఉండి, ఓపిక ఉన్నవారు ఒక ఉదయంలో చేసుకోగల పని ఇది. డాంపర్ కొనేటప్పుడు ట్రైలర్ ఎవరు తయారుచేశారన్నది చూడకండి, కప్లింగ్ ఎవరిదన్నది చూడండి. ఆల్కో, నాట్, బ్రాడ్లీ వంటి సంస్థల కప్లింగులు ఎన్నో పేర్ల ట్రైలర్ల మీద కనిపిస్తాయి. కప్లింగ్ బాడీ మీద రేకు పలక గానీ, చెక్కిన అక్షరాలు గానీ ఉంటాయి. తీగ బ్రష్షుతో రుద్ది ఆ రకం నంబరు, బరువు పరిధి రాసుకోండి, వాటికి సరిపోయే డాంపర్‌నే తెప్పించండి. పొడవు సరిపోయిందని వేరే బరువు పరిధికి చెందినది వేస్తే బ్రేకు మరీ ముందుగానో మరీ ఆలస్యంగానో పడుతుంది. డాంపర్‌తోపాటు వాటంతటవే వదులు కాని కొత్త సెల్ఫ్‌లాకింగ్ నట్లు కూడా తీసుకోండి, ఒకసారి విప్పినవాటిని మళ్ళీ వాడకూడదు. ముందుభాగంలోని రబ్బరు తొడుగు చీలి ఉంటే అదీ ఇప్పుడే మార్చండి. డాంపర్లు అకాలంగా పోవడానికి ఆ చీలికలోంచి దిగే వర్షపు నీరు, శీతాకాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు చాలాసార్లు కారణమవుతాయి.

ట్రైలర్‌ను ఖాళీ చేసి, చదునైన గట్టి నేల మీద నిలిపి, చక్రాలకు రెండు వైపులా అడ్డుదిమ్మలు పెట్టి, ముందుభాగం కింద జాకీ చక్రమే కాక స్టాండు కూడా పెట్టండి. ఎక్కువ రకాల్లో డాంపర్ వెనుక చివర కప్లింగ్ బాడీ వెనుక భాగంలో ఒక నట్టుతోనో అడ్డబోల్టుతోనో బిగించి ఉంటుంది. ముందు చివర ఉన్న కన్ను, కప్లింగ్ తలను గొట్టానికి బిగించే రెండు బోల్టుల్లో వెనుకదానితో పట్టి ఉంటుంది. మీ దాంట్లో వెనుక నట్టు ఉంటే దాన్ని ముందుగా, కొద్దికొద్దిగా విప్పండి. డాంపర్‌లో ఇంకా గ్యాసు మిగిలి ఉంటే ఆ ఒత్తిడి నట్టు మరచుట్ల మీదుగా నెమ్మదిగా వదులుతుంది. ఆ తర్వాత తల బోల్టులు తీసి, తలను పక్కన పెట్టి, డాంపర్‌ను ముందువైపు నుంచి బయటకు లాగండి. తుప్పు పట్టి రాకపోతే తుప్పు వదిలించే నూనె పోసి ఒక రాత్రి ఆగండి, మంటతో వేడిచేయవద్దు. లోపల ఒత్తిడిలో ఉన్న గ్యాసు ఉంది. పాత డాంపర్‌ను పారేసే ముందు కూడా దానికి రంధ్రం చేయడం, కోయడం, కాల్చడం చేయకూడదు.

డాంపర్ బయట ఉన్న ఈ సమయం చాలా విలువైనది. గొట్టం చేత్తో ముందుకూ వెనక్కూ ఎలా జరుగుతోందో చూడండి, పాత గ్రీజు తుడిచి కొత్తది పూయండి, లివర్ కీలు స్వేచ్ఛగా కదులుతోందో చూడండి. కొత్త డాంపర్‌ను లోపలికి పంపి, తల తొడిగి, బోల్టు రంధ్రాలను డాంపర్ కంటితో కలపండి. ఇక్కడ ఒక జాగ్రత్త: రంధ్రాలు కలిశాయో లేదో చూడడానికి వేలు పెట్టకండి, సన్నగా మొనదేలిన ఇనుప కడ్డీనే వాడండి. గొట్టం ఒక్కసారి జారితే వేలు కత్తెరలో పడినట్టు తెగుతుంది. బోల్టులను ఎంత బలంతో బిగించాలో కప్లింగ్ పుస్తకంలో ఉంటుంది, టార్క్ రెంచితో ఆ అంకెకే బిగించండి. కారును ట్రైలర్‌తో కలిపి ఉంచేవి ఆ రెండు బోల్టులే కాబట్టి అంచనాతో సరిపెట్టవద్దు.

చివరగా, బ్రిటన్‌లో కార్లకు ఉన్నట్టు ఇలాంటి తేలికపాటి ట్రైలర్లకు ఏటేటా ఎంఓటీ తనిఖీ లేదు. పైగా 2021 డిసెంబరు 16 నుంచి మామూలు కారు లైసెన్సు ఉన్నవారందరూ వేరే పరీక్ష లేకుండా 3,500 కిలోల వరకు ట్రైలర్ లాగవచ్చు. అందువల్ల మీ బ్రేకులను ఏడాదికొకసారి చూసేవారెవరైనా ఉన్నారంటే అది మీరే. మీ తరువాతి ఉత్తరంతో పని లేకుండా, డాంపర్ మార్చాక చేయవలసిన బ్రేకు సర్దుబాటు గురించి కింది ప్రశ్నకు రాసిన జవాబు చదవండి.

ప్రశ్న: నమస్కారమండీ. మేము జర్మనీలోని స్టుట్‌గార్ట్ దగ్గర ఉంటున్నాము. మా క్యారవాన్ బరువు పరిమితి 1,500 కిలోలు. పోయిన నెల నేనే డాంపర్ మార్చాను. చేత్తో నెట్టి చూస్తే గట్టిగా ఉంది, తిరిగి వస్తోంది. అయినా కారు కదిలించేటప్పుడు చిన్న దెబ్బ వినిపిస్తూనే ఉంది. పైగా ఇప్పుడు మా ఇంటి వాలులోకి రివర్స్ చేస్తుంటే బ్రేకులు పట్టేసి క్యారవాన్ కదలడం లేదు. కొత్త డాంపరే చెడ్డదా?
— ఒక పాఠకురాలు, స్టుట్‌గార్ట్

జవాబు: మీరు రాసిన లక్షణాలను బట్టి డాంపర్ బాగానే ఉందమ్మా. రివర్స్‌లో పట్టేయడం బ్రేకు సర్దుబాటులో లోపాన్ని చూపుతోంది. రివర్స్ చేసేటప్పుడు కూడా కారు కప్లింగ్‌ను లోపలికే నెడుతుంది కాబట్టి, ఏ ఏర్పాటూ లేకపోతే బ్రేకులు పడి తీరాలి. అందుకే డ్రమ్ముల లోపల, చక్రం వెనక్కు తిరిగినప్పుడు ఒక షూ తన ఆసరా నుంచి జారి వదులయ్యే ఏర్పాటు ఉంటుంది. ఆ జారుడుకు కొంత చోటు కావాలి. రాడ్ గానీ కేబుళ్ళు గానీ బిగువుగా ఉంటే ఆ చోటు ముందే ఖర్చయిపోతుంది.

డాంపర్ మార్చినప్పుడు ఇలా జరగడం సహజం. పాత డాంపర్ గొట్టాన్ని పూర్తిగా బయటకు నెట్టలేక కొంత లోపలే ఉంచుతుంది. ఆ దశలో వచ్చే చప్పుడు తగ్గించడానికి చాలామంది రాడ్‌ను ఎప్పుడో బిగించి ఉంటారు. కొత్త డాంపర్ వచ్చాక కొలతలన్నీ మళ్ళీ మొదటి నుంచి చూసుకోవాలి, ఆ పని కప్లింగ్ దగ్గర కాక చక్రం దగ్గర మొదలుపెట్టాలి. ఈ వరుస తలకిందులైతే ఎంత నేర్పుగా చేసినా ఫలితం రాదు.

హ్యాండ్‌బ్రేక్ పూర్తిగా దించి, రాడ్‌నూ కేబుళ్ళనూ పూర్తిగా వదులు చేయండి. ఒక్కొక్క చక్రాన్ని జాకీతో ఇరుసు దగ్గర లేపి, స్టాండు మీద నిలిపి, ముందుకు తిరిగే దిశలోనే చేత్తో తిప్పండి. వెనక్కు తిప్పితే నేను పైన చెప్పిన ఏర్పాటు పనిచేసి షూ జారిపోతుంది, అప్పుడు మీకు కనిపించే వదులు నిజమైన వదులు కాదు. సర్దే చోటు కొన్ని రకాల్లో వెనుక పలక రంధ్రం లోపల పళ్ళ చక్రంగా, కొన్నింటిలో బయటి నట్టుగా ఉంటుంది. చక్రం ఆగిపోయేదాకా బిగించి, మళ్ళీ స్వేచ్ఛగా తిరిగేదాకా వదలండి. తర్వాత హ్యాండ్‌బ్రేక్‌ను నాలుగైదుసార్లు లాగి వదిలి షూలను నడిమికి రానిచ్చి, ఇంకొకసారి సరిచూడండి. తర్వాత కేబుళ్ళు: హ్యాండ్‌బ్రేక్ లాగినప్పుడు అడ్డపట్టీ ఇరుసుకు సమాంతరంగా నిలవాలి, ఒక వైపు ఒరిగిందంటే ఒక చక్రం ఎక్కువగా, మరొకటి తక్కువగా పడుతున్నట్టు. అన్నిటికంటే చివర రాడ్: గొట్టం పూర్తిగా బయటకు చాచి ఉండగా లివర్ దాని చివరను తాకీ తాకనట్టు ఉండాలి, ఖాళీ ఒక మిల్లీమీటరుకు మించకూడదు, అలాగని లివర్ ముందే నొక్కుకుని కూడా ఉండకూడదు. హ్యాండ్‌బ్రేక్ రెండు మూడు పళ్ళు లేచేసరికి చక్రాలు పట్టుకోవడం మొదలైతే అంతా సరిగ్గా కుదిరినట్టు.

సర్దినా చక్రం పట్టుకోకపోతే షూలు అరిగి ఉంటాయి, డ్రమ్ము తీసి చూడాలి. కొత్త తరహా ఆల్కో ఇరుసుల్లో డ్రమ్మును పట్టి ఉంచే పెద్ద నట్టు ఒక్కసారి వాడడానికే. విప్పిన తర్వాత కొత్తది వేసి 290 న్యూటన్ మీటర్ల బలంతో బిగించాలి. అంత పెద్ద టార్క్ రెంచి ఇంట్లో ఉండదు కాబట్టి ఆ దశలో వర్క్‌షాపుకు ఇవ్వడమే మంచిది. లోపలి దుమ్మును మాత్రం ఎప్పుడూ గాలితో ఊదకండి, తడి గుడ్డతో తుడవండి. పాత క్యారవాన్ల షూలలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు.

కదిలేటప్పుడు వచ్చే చిన్న దెబ్బకు టో బాల్‌ను కొలిచి చూడండి. కొత్తది 50 మిల్లీమీటర్లు ఉంటుంది, ఎక్కడ కొలిచినా 49 కంటే తగ్గితే దాన్ని మార్చాలి. బంతి అన్ని వైపులా ఒకేలా అరగదు, ముందూ వెనుకా ఎక్కువగా అరుగుతుంది, అందుకే కొలిచే పరికరాన్ని (వెర్నియర్‌ను) ప్రయాణ దిశలో కూడా పట్టండి. మీ కప్లింగ్‌లో ఊగిసలాటను ఆపే రాపిడి ప్యాడ్లు ఉంటే అవి అరిగినప్పుడు కూడా ఇలాంటి చప్పుడే వస్తుంది. అలాంటి కప్లింగ్ ఉన్నవారు బంతికి గ్రీజు పూయకూడదు, పూసి ఉంటే పూర్తిగా తుడిచేయండి.

ప్రశ్న: మా ట్రైలర్ డాంపర్ పూర్తిగా పోయింది, గొట్టం లోపలికి పోయి అక్కడే ఉండిపోతోంది. వర్క్‌షాపు నలభై మైళ్ళ దూరంలో ఉంది. ఖాళీ ట్రైలర్‌ను నెమ్మదిగా లాక్కెళ్ళవచ్చా?
— ఒక పాఠకుడు, కార్డిఫ్

జవాబు: వద్దు. గొట్టం లోపలే ఉండిపోతోందంటే లివర్ నొక్కుకునే ఉంది, అంటే బ్రేకులు పూర్తిగా వదలడం లేదు. కారు లాగినప్పుడు గొట్టం కొంత బయటకు వచ్చినా, దారిలో బ్రేకు వేసిన ప్రతిసారీ మళ్ళీ లోపలికి పోతుంది. ఖాళీ ట్రైలర్ తేలిక కాబట్టి ఆ కుదుపుకు చక్రాలు జారిపోవడానికి అవకాశం ఇంకా ఎక్కువ. బ్రిటన్‌లో ఇంటికే వచ్చి క్యారవాన్లు, ట్రైలర్లు బాగుచేసే మెకానిక్కులు చాలా ఊళ్ళలో ఉన్నారు. వారికి ఫోను చేసేటప్పుడు కప్లింగ్ మీది రకం నంబరూ, బరువు పరిధీ చదివి చెప్పండి, సరిపోయే డాంపర్‌నూ కొత్త నట్లనూ వెంట తెచ్చుకుంటారు.